కంపెనీ కొలువు: ఇంటివారు తెలిసికొనవలసిన సంగతులు

మా వీధిలో తెల్లవారినదనుటకు గుర్తు రేకుమీద సుత్తిదెబ్బ. విజయవాడలో బందరురోడ్డునుండి జవహర్ ఆటోనగరునకు పోవు త్రోవలో మా కాపురము. లారీలకు తొట్లు కట్టువారు, కమానుకట్టలు మార్చువారు, వెల్డింగు పనివారు, లేతు మిషనులవారు, రంగులు వేయువారు, విడిభాగముల అంగళ్లవారు మా యిరుగుపొరుగు. మా వారు ఉపాధ్యాయులు. ఈ పనివారి బిడ్డలే వారి శిష్యులు. ఆ బిడ్డల తల్లులు మధ్యాహ్నము తీఱికవేళ మా యరుగుమీద కూర్చుండి కష్టసుఖములు చెప్పుకొనుట పరిపాటి.

ఆటోనగరులో పని కుదురుట కొక పద్ధతి కలదు. పని నేర్వగోరు కుఱ్ఱవానిని తండ్రియో మేనమామయో వెంటబెట్టుకొని మేస్త్రికడకు పోవును. మేస్త్రి "ఎవరి అబ్బాయివి? అన్నము తిని వచ్చితివా?" అని యడుగును. పిమ్మట పానాల పెట్టె చూపి ఒక కొలత చెప్పి పానా తెమ్మనును. కుఱ్ఱవాడు కొలత చూచి తెచ్చునా, చేతికందినది తెచ్చునా, తెచ్చినదానిని గుడ్డతో తుడిచి యిచ్చునా అని కనిపెట్టును. ప్రొద్దు గ్రుంకువేళకు "రేపు రా" అన్నచో పని కుదిరినట్లే. "ఇప్పుడు మనుష్యులు చాలినంతమంది యున్నారు నాయనా" అన్నచో కుదురనట్లే. ఏ సంగతియు దీపాలవేళకు తేలిపోవును. ఆ రాత్రి ఇంటివారు సంతోషముతోనో నిరాశతోనో నిద్రపోవుదురు. సందేహముతో మాత్రము నిద్రపోరు.

ఇప్పుడు మా వీధిబిడ్డలలో చాలమంది కంపెనీ కొలువులు కోరుచున్నారు. ప్రక్కనే కానూరులో ఇంజనీరింగు కళాశాలలు కలవు. గన్నవరము చేరువ కేసరపల్లిలో హెచ్.సి.ఎల్. వారి కార్యాలయము కలదు. బాపులపాడు మండలము మల్లవల్లిలో అశోక్ లేలాండు వారి బస్సుల కర్మాగారము 2025 మార్చిలో ప్రారంభమైనది. తండ్రి ఆటోనగరు షెడ్డులో బస్సునకు రేకు బిగించినవాడు, కొడుకు ఐ.టి.ఐ. చదివి కర్మాగారములో బస్సు బిగింపగోరుచున్నాడు. పని యించుమించుగా ఒక్కటియే, లోనికి పోవు వాకిలి మాత్రము వేఱు. షెడ్డులో మొదట చేతిని చూతురు. కంపెనీలో మొదట కాగితమును చూతురు. చేయి చూచుట కడపటి సంగతి. ఈ భేదము తెలియక ఇంటివారు పడు చిక్కులు అన్నియిన్ని కావు.

మా యరుగుమీద వినవచ్చు ప్రశ్నలు ఇట్టివి. "ఇంటర్వ్యూ బాగుగా జరిగినదని మా అమ్మాయి చెప్పినది. ఇరువది దినములైనను ఒక్క మాటయు రాలేదు. ఏమి తప్పు చేసినదో?" "మా వానికి ఏడాదికి మూడు లక్షల అఱువది వేలని కాగితములో నున్నది. నెలకు ముప్పదివేలు రావలెను గదా, ఇరువదిరెండే వచ్చినవేమి?" "ఎవరో నలువదివేలు కట్టినచో ఉద్యోగమిప్పింతు ననుచున్నాడు. ఇత్తుమా?" వీనికి బదులు చెప్పు తెలివి మాకు మొదట లేదు. మేము బడికి పోయి చదివినవారము కాము. మా నాయనగారు ఇంటికడ చెప్పిన భారత భాగవతములే మా చదువు. అయినను మా యింట జరిగిన యొక సంగతి మమ్ము వీనిని విచారించి తెలిసికొనునట్లు చేసినది. అందులో మా తప్పును కలదు. దానినిగూడ దాచక చెప్పుదుము.

మా వారి చెల్లెలు మాకడనే యుండి బి.కాం. ముగించినది. ఒక కంపెనీ లెక్కల విభాగములో ఖాళీ కలదని తెలిసి దరఖాస్తు పంపినది. దరఖాస్తుతో తన చదువు, పని, వివరములు గల పత్రము పంపవలెను. దానిని రెజ్యూమె అందురు. ఒక్క ఖాళీకి వందలకొలది దరఖాస్తులు వచ్చునపుడు పెద్ద కంపెనీలు వానిని ముందుగా కంప్యూటరుచేత జల్లెడ పట్టించుచున్నవి. ప్రకటనలో కోరిన చదువును, పనితనమును ఆ పత్రములో అవే మాటలలో కనబడినచో పైకి పోవును. కనబడనిచో మనుష్యుని కంటబడకయే మిగిలిపోవచ్చును. మా ఆడపడుచు మొదట వ్రాసిన పత్రములో "కష్టపడి పనిచేయుదును, వినయము గలదానను" అని పైన పెద్దగా వ్రాసి, ట్యాలీ నేర్చితిననియు, జి.ఎస్.టి. లెక్కలు వ్రాయగలననియు అడుగున ఒక్క వరుసలో ఇఱికించినది. మా వారు చూచి "అమ్మాయీ, నీ వినయమును చూచినవారే తెలిసికొందురు. ట్యాలీ వచ్చునని నీవు చెప్పినగాని వారికి తెలియదు" అని దానిని తలక్రిందులుగా వ్రాయించిరి. ఒక్క పత్రమునే పది చోట్లకు పంపరాదు. ప్రకటన చదివి, దానికి తగినట్లు, నిజమైనంతవఱకు మాత్రమే, ముందువెనుకలు సర్దుకొనవలెను. లేని పనితనము వ్రాసినచో తరువాత విచారణలో బయటపడును.

దరఖాస్తు నిలిచినవారికి పరీక్ష పెట్టుదురు. సామాన్యముగా లెక్కలు, తర్కము, ఆంగ్లము అడుగుదురు. ఆయా పనికి సంబంధించిన ప్రశ్నలును ఉండవచ్చును. నిమిషములు కొలిచి యిత్తురు. ఈ పరీక్ష తఱచు ఇంటినుండియే కంప్యూటరుపై వ్రాయవలసి యుండును. వ్రాయుచున్నంతసేపు కెమెరా చూచుచుండును. గదిలోనికి వేఱొకరు వచ్చినను, బిడ్డ మాటిమాటికి ప్రక్కకు చూచినను, మోసమని అనుమానింపవచ్చును. కావున ఆ గంటసేపు కాఫీ తీసికొనిపోయి ఇచ్చుట ప్రేమ యనిపించుకొనదు. తలుపు దగ్గఱగా వేసి, పిల్లలను పొరుగింటికి పంపి, కరెంటు పోయినచో ఫోనులో ఇంటర్నెట్టు ఉండునట్లు చూచుటయే ఇంటివారు చేయదగిన సాయము.

కొన్ని కంపెనీలు ఎనమండుగురినో పదిమందినో చేర్చి ఒక విషయము చర్చింపుమందురు. అందులో గట్టిగా మాటలాడువాడే నెగ్గునని మన పిల్లలు తలతురు. అక్కడ చూచునది ఇతరులు చెప్పినది వినునా, విని దానికి తగిన మాట చెప్పునా అనునది. పిమ్మట ఇంటర్వ్యూలు. ఒకటి పని తెలిసినవారు చేయుదురు. మఱియొకటి ఉద్యోగుల వ్యవహారములు చూచు హెచ్.ఆర్. శాఖవారు చేయుదురు. ఈ రెంటి నడుమ పై యధికారి యింకొకమాఱు చూచుటయు కలదు. ఇవి ఒక్కనాటిలో ముగియవచ్చును. నెలకు పైగా సాగవచ్చును.

మా ఆడపడుచు ఇంటర్వ్యూ కంప్యూటరుపైననే జరిగినది. మేము వంటింట కుక్కరు దింపి జాగ్రత్తపడితిమి గాని వీధిలోని రేకులమోత నాపగలమా? అవతలివారు "ఆ చప్పుడేమి?" అని యడిగిరట. "మాది ఆటోనగరండి. లారీకి తొట్టి కట్టుచున్నారు" అని ఈమె జంకక చెప్పినదట. వారు నవ్విరట. నవ్విరి గనుక మెచ్చినట్లే యని మేము నిశ్చయించుకొంటిమి. పది దినములకు ఎంపికైతివని ఫోను వచ్చినది. ఆ సాయంకాలమే మా అత్తగారు బందరులడ్లు తెప్పించి వీధి యంతయు పంచిరి. ఒక సంబంధమువారు పిల్లకు కంపెనీ ఉద్యోగమున్నచో చేసికొందుమని యుండిరి. వారికిని కబురు పోయినది. ఆ కబురు పంపినది మేమే.

పిమ్మట ఉద్యోగమిత్తుమను ఆఫరు లెటరు వచ్చినది. చేరవలసిన తేది అందులో నుండెను. ఆ తేదికి నాలుగు దినములు ముందు, చేరుట వాయిదా పడినదని యొక ఈమెయిలు. తరువాత రెండు నెలలు మౌనము. ఈమె వ్రాసిన జాబులకు బదులు లేదు. ఫోను చేసిన "తెలియజేయుదుము" అనుటయే. మూడవ నెలలో ఆ పదవియే తీసివేసితిమని రెండు పంక్తుల సమాధానము. సంబంధమువారు మరల రాలేదు.

ఆ మూడు నెలలలో మేము చేసిన పాపము చెప్పుదుము. ప్రొద్దున లేచినది మొదలు "ఏమైనది? ఏమైన వచ్చినదా?" అని అత్తగారొకమాఱు, మేమొకమాఱు అడుగుచుంటిమి. "నీవు వ్రాసిన జాబులో ఏదైన తప్పుమాట పడినదేమో" అని మేము ఒకనాడు పైకే అంటిమి. నాటినుండి ఆ పిల్ల మాతో పంక్తిలో కూర్చుండి భోజనము చేయుట మానివేసినది. ఒక రాత్రి వంటింట గిన్నెలు సర్దుచుండగా వచ్చి నెమ్మదిగా ననెను: "వదినా, ఆ కంపెనీవారు నన్ను కాదనలేదు. వారికి నా మొగమే జ్ఞాపకముండదు. నన్ను కాదనుచున్నది మన యిల్లే." ఆ మాట మా గుండెలో ముల్లువలె గ్రుచ్చుకొనినది. నాటినుండియే మేము ఈ సంగతులన్నియు విచారింప మొదలిడితిమి.

ముందుగా మౌనము సంగతి. మేస్త్రి మౌనముగా నుండెనన్న పని నచ్చలేదని యర్థము. కంపెనీ మౌనమునకు అట్టి యర్థము లేదు. ఖాళీకి పైవారి యనుమతి రాకపోవచ్చును. ఆ యేటి ఖర్చు తగ్గింపుమని ఉత్తరువు రావచ్చును. ఎంపికచేయు అధికారి వేఱొకచోటికి పోవచ్చును. మొదట ఎంచుకొన్నవాడు చేరునో చేరడో తేలువఱకు రెండవవానిని ఊరక వేచియుండజేయవచ్చును. ఎంపిక కానివారికి ఆ సంగతి తెలియజేయు మర్యాద అనేక కంపెనీలు పాటించుట లేదు. వారము, పది దినములు గడచిన పిమ్మట మర్యాదగా ఒక్క జాబు వ్రాసి కనుగొనవచ్చును. అంతకుమించి ఎదురుచూచుచు ఇతర ప్రయత్నములు మానరాదు. చేతికి నియామకపత్రము వచ్చి, బిడ్డ పనిలో చేరువఱకు, ఆ ఉద్యోగము మన దనుకొనరాదు, ఊరికి చెప్పరాదు, పెండ్లిమాటలకు దానిని పునాది చేయరాదు. ఉన్న పని గలవారు క్రొత్తచోటి పత్రము చేతికి రాకమునుపే పాతచోట రాజీనామా ఈయరాదు.

ఇక ఆ పత్రమును చదువు విధము. అందులో పెద్ద అక్షరములలో కనబడు సంవత్సరపు మొత్తము కంపెనీకి ఆ యుద్యోగివలన నగు మొత్తపు ఖర్చు. చేతికి వచ్చు జీతము కాదు. ఉదాహరణకు ఏడాదికి 3,60,000 అని యున్నదనుకొందము. నెలకు 30,000. అందులో పనితీరునుబట్టి ఏడాది చివర ఇచ్చునది 36,000 ఉన్నచో నెలకు 3,000 తీసివేయవలెను. మూలవేతనము 15,000 అయినచో కంపెనీ కట్టు భవిష్యనిధి నూటికి 12 చొప్పున 1,800. గ్రాట్యుటీకని వ్రాయునది సుమారు 720. ఆరోగ్యభీమాకు 480 అనుకొందము. ఇవి పోగా 24,000. ఇందులోనుండి ఉద్యోగి తనవంతుగా కట్టు భవిష్యనిధి మఱల 1,800, మన రాష్ట్రపు వృత్తిపన్ను 200 పోవును. చేతికి 22,000. అరుగుమీద మమ్మడిగిన తల్లి లెక్క ఇదియే. భవిష్యనిధి మన బిడ్డ పేర నిలుచు సొమ్మే గాని ఆ నెల బియ్యమునకు, అద్దెకు అక్కఱకు రాదు. కావున ఏడాది మొత్తము చూచి అప్పులు చేయరాదు. "నెలకు చేతికి ఎంత వచ్చును?" అని చేరకముందే అడుగుట తప్పు కాదు.

పత్రములో మఱికొన్ని చూడవలెను. పని పేరు, ఊరు, చేరు తేది, పనిగంటలు, పరీక్షాకాలము ఎన్ని నెలలు, మానవలెనన్న ఎన్ని దినములు ముందు చెప్పవలెను అనునవి ముఖ్యము. ఫలానా సంవత్సరములు పనిచేయుదుము, నడుమ మానినచో ఇంత కట్టుదుము అను బాండు ఉన్నదేమో చూడవలెను. అవి ఉత్త బెదరింపులని కొందఱు చెప్పుదురు. అది నిజము కాదు. మూడేండ్లు నిండకమునుపే మానిన యొక బ్యాంకుద్యోగి రెండు లక్షలు కట్టవలెనను షరతు చెల్లునని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తీర్పు చెప్పినది. కావున చేవ్రాలు పెట్టకముందే చదువవలెను. సర్టిఫికెట్ల నకళ్లు ఈయవచ్చును, అసలువి చూపవచ్చును. అసలువి వారికడ నిలువయుంచుట మాత్రము క్షేమము కాదు. 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చిన కార్మికస్మృతుల ప్రకారము పనిలో చేర్చుకొన్న ప్రతివారికిని నియామకపత్రము ఈయవలెను. "పత్రము తరువాత చూతము, ముందు చేరుము" అన్నచో ఈ సంగతి జ్ఞాపకము చేయవలెను.

ఐ.టి.ఐ. చదివిన బిడ్డల తల్లులు వేఱొకటి గమనింపవలెను. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద తీసికొన్నవాడు పని నేర్చుకొనువాడు. వానికి నెలనెల ఇచ్చునది శిక్షణభత్యము. ఒప్పందములో ప్రత్యేకముగా వ్రాసియుండిననేగాని గడువు ముగిసిన పిమ్మట ఉద్యోగము ఈయవలెనను నిర్బంధము లేదు. అది మంచి మెట్టే. కాని మెట్టును మేడ యనుకొనరాదు.

నలువదివేల సంగతి. ఆ మధ్యవర్తికి సొమ్ము ఈయవలదని మేము చెప్పులోపలనే ఆ యిల్లాలు గాజులు కుదువబెట్టి యిచ్చివేసినది. మధ్యవర్తి ఫోను మరునాటినుండి మ్రోగలేదు. మర్యాదగల కంపెనీ ఏదియు ఉద్యోగమిచ్చుటకు అభ్యర్థికడ సొమ్ము పుచ్చుకొనదు. రిజిస్ట్రేషనని గాని, శిక్షణకని గాని, కంప్యూటరుకు ధరావతని గాని, వెనుక తిరిగి యిత్తుమని గాని అడిగినచో అక్కడనే ఆగవలెను. జాబు కంపెనీ పేరుగల చిరునామానుండి వచ్చినదా, ఎవరికైన దొరకు ఉచితపు చిరునామానుండి వచ్చినదా చూడవలెను. కంపెనీ వెబ్‌సైటులోని నంబరునకు స్వయముగా ఫోను చేసి విచారింపవలెను. కంప్యూటరు ఉద్యోగమని చెప్పి మన యువకులను కంబోడియాకు పంపి, అక్కడ నిర్బంధించి మోసపుపనులు చేయించిన వైనము 2024లో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిరి. కావున విదేశపు కొలువన్నచో మఱింత విచారణ కావలెను. ఫోనుద్వారా సొమ్ము పోయినదని తెలిసిన వెంటనే 1930 నంబరునకు ఫిర్యాదు చేయవలెను. సిగ్గుపడి నాలుగు దినములు ఊరకున్నచో సొమ్ము చేతులు మాఱిపోవును.

ఆడుపిల్లల విషయము ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. తిక్కన సోమయాజి తెనిగించిన విరాటపర్వమును మేము చిన్ననాడు కథగా చదివితిమి. ఆ మూడు నెలలలో మరల తీసి చదువగా, అది కొలువుకోరి పోవువారి గ్రంథముగా మాకు తోచినది. పాండవులు విరటుని కొలువునకు పోకముందు ధౌమ్యుడు రాజులకడ మెలగు తీరు వారికి నేర్పెను. అనగా ఇంటిపెద్ద ముందుగా చెప్పి పంపెను. వారిలో ఒక్కొక్కడు తనకేమి వచ్చునో అదియే చెప్పుకొనెను. వలలుడు వంట, దామగ్రంథి గుఱ్ఱములు, తంత్రిపాలుడు ఆవులు. వారికి పేళ్లు దాచుకొనవలసిన యవసరము పడినది; మన బిడ్డలకు అట్టి యవసరము లేదు. ద్రౌపది సుదేష్ణకడకు పోయినపుడు పని యిమ్మని బ్రతిమాలి యూరకుండలేదు. ఎంగిలి ముట్టననియు, కాళ్లు కడుగననియు ముందే చెప్పి యొప్పించుకొని చేరినది. దిక్కులేని స్థితిలోనున్న స్త్రీయే తన షరతులు చెప్పగలిగినపుడు, చదువుకొన్న మన యాడుపిల్లలు పనిగంటలు, రాత్రిపని, ఇంటికి చేర్చు బండి యున్నదా యని అడుగుట గర్వమని తలపనేల?

అటుపిమ్మటి కథయు తెలిసినదే. కీచకుడు సభలో తన్నినపుడు సైరంధ్రి మొఱపెట్టుకొనగా విరటుడు ఏమియు చేయలేకపోయెను. ఆ కొలువులో ఆమె మొఱ వినుట కొక సంఘము లేదు. నేడు 2013 నాటి చట్టము కలదు. పదిమందియో అంతకు మించియో పనిచేయుచోట స్త్రీల ఫిర్యాదులు వినుటకు స్త్రీ అధ్యక్షతను అంతర్గత సంఘ ముండవలెను. పదిమందికి లోబడిన చిన్న అంగళ్లలో పనిచేయువారు జిల్లాలోని స్థానిక సంఘమునకు చెప్పుకొనవచ్చును. సామాన్యముగా మూడు నెలలలోపల ఫిర్యాదు చేయవలెను. "మీ సంఘములో ఎవరెవరున్నారు?" అని చేరిననాడే తెలిసికొనుట మంచిది.

ఇంటర్వ్యూలో "పెండ్లి యెప్పుడు చేసికొందువు? పిల్లలు కలిగిన తరువాత మానుదువా?" అని అడుగువారు ఇంకను ఉన్నారు. నియామకములో స్త్రీపురుష భేదము చూపరాదని వేతనస్మృతి చెప్పుచున్నది. మొదటి యిద్దఱు బిడ్డలకు ఇరువదియాఱు వారముల ప్రసూతి సెలవు వేతనముతో ఈయవలెనని చట్టము కలదు. అట్టి ప్రశ్నకు కోపపడక, "పనిలో చేరినచో దానికి కావలసిన కాలము నేను కేటాయింపగలను" అని మాత్రము చెప్పి తన పనితనముమీదికి మాట మరల్చుట మేలు. ఆ ప్రశ్నకు బదులు తల్లియో అత్తయో ముందుగా నేర్పి పంపవలెను. ఏలయన అడుగుచున్నది కంపెనీయైనను, ఆ ప్రశ్న మన యిండ్లలోనుండి పోయినదే.

మా ఆడపడుచు కథ ముగింతుము. పదవి తీసివేసిరను జాబు వచ్చిన వారమునకు ఆమె మమ్మడుగక, ఆటోనగరులో విడిభాగములు అమ్ము నొక యంగడికి పోయి పని యడిగినది. అంగడి పెద్దాయన ఆమె రెజ్యూమె చూడలేదు. ఆ నెల బిల్లుల కట్ట ముందర పడవేసి "సాయంత్రములోపల ఇవి ఎక్కించుము చూతము" అనెనట. దీపాలవేళకు "రేపు రామ్మా" అనెను. కంపెనీకని చదివించిన పిల్ల గ్రీజు మరకల నడుమ కూర్చుండుట అత్తగారికి చిన్నతనముగా తోచినది. మాకును తోచలేదనిన అబద్ధము. కాని పది దినములలో ఆ పిల్ల మరల మాతో కూర్చుండి భోజనము చేయ మొదలిడినది. అంతటితో మా నోళ్లు మూతపడినవి.

ఎనిమిది నెలలు అక్కడ పనిచేసినది. ఎన్ని రకముల బేరింగులు కలవో, ఏ సరకునకు ఎంత పన్నో, అప్పు తీసికొన్నవాడు ఎన్నాళ్లకు తీర్చునో అన్నియు నేర్చినది. ఈ నడుమ ఇంకను ఆఱు చోట్లకు దరఖాస్తులు పంపినది. నాలుగుచోట్ల బదులే లేదు. ఒకచోట పరీక్షలో నిలువలేదు. ఆఱవచోట ఇంటర్వ్యూలో "లెక్కలలో తప్పు దొరకినచో ఏమి చేయుదువు?" అని యడిగిరట. పుస్తకములోని బదులు చెప్పక, అంగడిలో ఒక సరకునకు పన్ను రెండుమాఱులు పడిన సంగతియు, తాను దానిని పట్టి దిద్దిన విధమును చెప్పినదట. ఆ కొలువు దొరకినది. పత్రము వచ్చిననాడు వదినయు ఆడపడుచును దీపము ముందర కూర్చుండి పైనుండి క్రిందివఱకు రెండుమాఱులు చదివితిమి. చేతికి వచ్చునది లెక్కవేసితిమి. బాండు లేదు. మానుటకు అఱువది దినములు ముందు చెప్పవలెనని యున్నది; దానిక్రింద గీటు పెట్టుకొంటిమి. వీధిలో ఎవరికిని చెప్పలేదు. మొదటి జీతము వచ్చిననాడు బందరులడ్లు ఆమెయే తెచ్చినది. మొదటి పొట్లము అంగడి పెద్దాయనకు ఇచ్చి, రెండవది ఇంటికి తెచ్చినది.

సోదరీమణులారా, కంపెనీ వాకిలికడ జరుగు సంగతులు మన చేతిలో లేవు. వారు పిలుతురో పిలువరో, పిలిచి మఱతురో, మన మెఱుగము. మన వాకిలికడ జరుగునది మాత్రము మన చేతిలోనిది. అక్కడ మాట రాక అలసి వచ్చిన బిడ్డను ఇక్కడ మరల ఇంటర్వ్యూ చేయకుందము. మా అత్తగారు ఇప్పుడు సాయంకాలము కోడలు బిడ్డ యెవరు వచ్చినను ఒక్కటే అడుగుచున్నారు. ఆటోనగరు మేస్త్రి క్రొత్త కుఱ్ఱవానిని అడుగు ప్రశ్నయే అది: "అన్నము తింటివా?"